ఆసుపత్రి గదిలో నేల మీది క్రిములు మంచం మీదికి ఎక్కకుండా ఏం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: దిల్‌సుఖ్‌నగర్ వైపు 40 పడకల నర్సింగ్ హోమ్‌లో హౌస్‌కీపింగ్ బాధ్యత కొత్తగా మీకు అప్పగించారు. రోజుకు మూడుసార్లు ఫినాయిల్ వేసి తుడిపిస్తున్నారు, నేల అద్దంలా ఉంది. అయినా ఈమధ్య ఇద్దరు పేషెంట్లకు ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టింది. సర్జన్ గారు వచ్చి "ముందు ఆ నేల సంగతి చూడండి" అన్నారు. ఇంకా గట్టి మందు వాడాలా, క్రిములను చంపే యూవీ లైటు మెషీన్ కొనాలా అని అడుగుతున్నారు.

నేను హైదరాబాద్ ఆసుపత్రుల్లో 24 ఏళ్ళుగా నర్సుగా ఉన్నాను. చివరి 15 ఏళ్ళూ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పనే. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. కుట్లకు చీము పట్టిందంటే మొదటి అనుమానం నేల మీదికి పోకూడదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోతకు ముందు సరైన టైముకి పడిందా, వెంట్రుకలు బ్లేడుతో గీశారా లేక క్లిప్పర్‌తో తీశారా, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందా, డ్రెస్సింగ్ మార్చే ముందు చేతులు కడుక్కుంటున్నారా అన్నవి చూడాలి. ఇవి చూడకుండా నేల తుడిచే ఆయమ్మ మీద కేకలేస్తే ఆమె బాధపడటం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ నాలుగూ సర్జన్ గారితో, ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సిస్టర్‌తో కూర్చుని చూసుకోండి. అవి మీ చేతిలో లేవు. నేల మీ చేతిలో ఉంది, పైగా మనవాళ్ళు అనుకున్నదానికంటే దాని పాత్ర పెద్దదే. అందుకే రాస్తున్నాను.

"నేలను ఎవరు చేత్తో ముట్టుకుంటారు?" అన్న వాదన చాలాకాలం నడిచింది. మాకు చదువుకునే రోజుల్లో అదే చెప్పారు. తలుపు గడియ, మంచం కమ్మీ, కాల్ బెల్, కుళాయి, వీటిని పదిమంది పట్టుకుంటారు కాబట్టి వీటిని చూసుకోండి, నేల కంటికి శుభ్రంగా కనిపిస్తే చాలు అనేవారు. దీనికి ఒక లెక్క కూడా ఆధారంగా ఉంది. సబ్బు నీళ్ళతో తుడిస్తే నేల మీది బ్యాక్టీరియా సుమారు 80 శాతం తగ్గింది, క్రిమిసంహారక మందుతో తుడిస్తే 94 నుంచి 99.9 శాతం దాకా తగ్గింది. కానీ కొన్ని గంటలు గడిచేసరికి లెక్క దాదాపు మొదటికే వచ్చింది. మనుషులు నడుస్తారు, దుమ్ము దిగుతుంది, చక్రాలు తిరుగుతాయి. అలాంటప్పుడు ఖరీదైన మందు దండగ కదా అన్నారు.

ఆ లెక్క ఇప్పటికీ నిజమే. మారింది మరో వైపు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పరిశోధకులు మనిషికి హాని చేయని ఎంఎస్2 అనే వైరస్‌ను పేషెంట్ మంచం పక్కన నేల మీద పూసి, అది ఎటు పోతుందో వెతికారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. కొద్దిరోజుల్లోనే అది పేషెంట్ చేతుల మీద, గదిలో తరచూ ముట్టుకునే వస్తువుల మీద, పక్క గదుల్లో, నర్సుల స్టేషన్‌లో కూడా దొరికింది. మరుసటి ఏడు అదే నగరంలోని 5 ఆసుపత్రుల్లో 159 గదులు పరీక్షించారు. మందులకు లొంగని స్టాఫైలోకాకస్ (స్టాఫ్), ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియాలు, విరేచనాలు తెప్పించే సి. డిఫిసిల్ నేల మీద తరచుగా కనిపించాయి. నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటి. 41 శాతం గదుల్లో, చేత్తో పట్టుకునే వస్తువు ఏదో ఒకటి నేలకు తగులుతూ కనిపించింది. ఫోన్ చార్జర్లు, కాల్ బెల్, బీపీ పట్టీ, దుప్పట్లు. అవి ఎత్తి పట్టుకున్న కొన్ని చేతుల మీద ఆ క్రిములు దొరికాయి.

2020లో కరోనా మొదలైనప్పుడు వుహాన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూలో నేల మీద 10 చోట్ల నమూనాలు తీస్తే 7 చోట్ల వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. అక్కడ పనిచేసేవారి బూట్ల అడుగుల్లో సగం వాటి మీద కూడా ఉన్నాయి. పేషెంట్లు అడుగుపెట్టని మందుల గది నేల మీద కూడా దొరికిందంటే, బూట్లు మోసుకెళ్ళాయన్నమాట.

ఇవన్నీ చదివి ఊరుకోలేక, నేనప్పుడు పనిచేస్తున్న చోట ఒక చిన్న పరీక్ష పెట్టాను. యూవీ టార్చ్ వెలుగులో మెరిసే పొడి ఒకటి దొరుకుతుంది, చేతులు కడుక్కోవడం నేర్పడానికి వాడతాం. ఒక పేషెంట్‌నీ, వాళ్ళ అమ్మాయినీ అడిగి ఒప్పించి, సాయంత్రం మంచం పక్కన అరచేయి అంత మేర ఆ పొడి రుద్దాం. మామూలు వెలుతురులో కనపడదు. తెల్లారి ఏడింటికి కర్టెన్లు వేసి టార్చ్ పట్టి చూశాం. పెద్దాయన రబ్బరు చెప్పుల అడుగున మెరుస్తుందని అనుకున్నదే. దుప్పటి కాళ్ళవైపు అంచు రాత్రి జారి నేలకు తగిలినట్టుంది, అది జేనెడు మేర వెలిగింది. సెలైన్ స్టాండ్ చక్రాలు వెలిగాయి. చార్జర్ వైరు, ఫోన్ వెనకవైపు, మంచం కమ్మీ మీద నాలుగు వేళ్ళ గుర్తులు. చివరికి టిఫిన్ క్యారియర్ పైగిన్నె మూత మీద ఒక బొటనవేలి ముద్ర. ఆ ముద్ర చూసి ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పొద్దున ఆ చేత్తోనే నాన్నకు ఇడ్లీ తుంచి తినిపించింది మరి. ఆమె తప్పేమీ లేదు. కింద పడ్డ వైరు తీసి చార్జింగ్ పెట్టింది, అంతే.

ఆ రోజు నుంచీ నా పని తీరు మారింది. నేలను ఎంతసేపు క్రిమిరహితంగా ఉంచగలం అని ఆలోచించడం మానేశాను, అది కుదిరే పని కాదు. నేల మీద ఉన్నది చేతికీ, పక్క మీదికీ ఎక్కే దారులు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్నింటిని మూయగలను అని చూడటం మొదలుపెట్టాను. మీరూ రేపు పొద్దున ఒక గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, "చేత్తో పట్టుకునేదీ, పక్క మీద ఉండాల్సిందీ ఏది నేలకు తగులుతోంది?" అని మాత్రమే చూడండి. మీకే తెలుస్తుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి చెబుతాను. చార్జర్ వైరు మొదటిది. ప్లగ్ పాయింటు మంచానికి దూరంగా ఉంటుంది, వైరు నేల మీద పాకుతుంది. మంచం తలవైపు ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకు బిగించి, ఒక చిన్న బుట్ట తగిలించండి. కాల్ బెల్ తీగకు ఒక క్లిప్ పెట్టి దిండు పక్కన పట్టించండి. యూరిన్ బ్యాగ్ సంగతి మరీ ముఖ్యం. మంచం కిందికి దించినప్పుడు బ్యాగ్ నేలకు ఆనుతుంది, దాని కింద ఉండే వాల్వ్ నేలను రాస్తుంది, తర్వాత సిస్టర్ అదే వాల్వ్ తిప్పి ఖాళీ చేస్తుంది. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందుగా, నేలకు తగలకుండా మంచం ఫ్రేముకు వేలాడాలి. పైకీ కిందికీ కదిలే కమ్మీకి తగిలించకూడదు. ఇది నర్సుల పనే గానీ, నేల తుడిచేవాళ్ళ కళ్ళే ముందు చూస్తాయి. చూస్తే సిస్టర్‌కి చెప్పమని మీ వాళ్ళకు చెప్పండి, చెప్పినందుకు విసుక్కోవద్దని సిస్టర్లకు నేను చెబుతూ ఉంటాను.

ఇక అటెండెంట్లు. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పేషెంట్‌తో వచ్చిన మనిషి ఎక్కడ పడుకుంటాడు? మంచం పక్కన నేల మీదే. చాప, దుప్పటి పరుచుకుంటాడు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, మనం చోటు చూపించలేదు కాబట్టి పడుకున్నాడు. చిక్కంతా తెల్లారి. డాక్టర్ గారు రౌండ్స్‌కి వస్తున్నారని సిస్టర్ తొందరపెడితే, ఆ చాప, దుప్పటి చుట్టి పేషెంట్ కాళ్ళ దగ్గర పెట్టేస్తారు. రాత్రంతా నేలను తుడిచిన దుప్పటి కుట్లు వేసిన కాలికి బెత్తెడు దూరంలో ఉంటుంది. గదికో బల్ల వేయించగలిగితే మంచిది. డబ్బు లేదంటే తలుపు పక్క గోడకు రెండు పెద్ద మేకులూ, ఒక సంచీ చాలు. "అమ్మా, మీ పక్క ఇందులో పెట్టండి, పేషెంట్ మంచం మీద పెట్టొద్దు" అని చేర్చుకునేటప్పుడే చెప్పించండి. బెదిరించినట్టు చెబితే వినరు, "నాన్నగారి కుట్లకు మంచిది కాదు" అంటే తప్పకుండా వింటారు.

కాళ్ళ సంగతి కూడా ఉంది. మనం చెప్పుల్లేకుండా నడిచే జనం, గది లోపలైతే మరీను. వట్టికాళ్ళతో బాత్రూమ్‌కి వెళ్ళి, తడికాళ్ళతో వచ్చి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. విదేశాల్లో పేషెంట్లకు జారని సాక్సులు ఇస్తారు. బ్రిటన్‌లో వాటిని పరీక్షిస్తే ఎక్కువ సాక్సుల మీద మందులకు లొంగని ఎంటెరోకాకస్ దొరికింది, ఎందుకంటే వాటితోనే వార్డంతా తిరిగి వాటితోనే మంచమెక్కుతున్నారు. మనకు రబ్బరు చెప్పులే మేలు. గదిలోకి ఒక జత, బాత్రూమ్‌కి ఒక జత. మంచం ఎక్కే ముందు చెప్పులు విడవాలి, వాటిని చేత్తో సర్దితే చేతికి శానిటైజర్ రాసుకోవాలి. అరిపాదం జారని రకం చూడండి. ముసలివాళ్ళు జారిపడి తుంటి విరిగితే, క్రిముల నుంచి కాపాడామన్న సంతోషం మిగలదు.

బాత్రూమ్ గుమ్మం ముందు పాత చీరో, గోనెపట్టానో పరుస్తారు చూడండి, దాన్ని ఈ రోజే తీయించండి. రోజంతా తడిగా ఉండే గుడ్డ, పదిమంది కాళ్ళు తుడుచుకునే గుడ్డ, పేషెంట్ మంచానికి మూడడుగుల దూరంలో ఉంటుంది. మన ఐసీయూల్లో మనల్ని ఏడిపిస్తున్న క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు తడిని ఇష్టపడతాయి. బదులుగా బాత్రూమ్ లోపల నీళ్ళు లాగే రబ్బరు వైపర్ పెట్టించండి. స్నానం అయ్యాక అటెండెంట్ ఒక్కసారి లాగితే నేల పది నిమిషాల్లో ఆరుతుంది.

ఇప్పుడు తుడవడం. ఇక్కడే మీతో గట్టిగా మాట్లాడాలి. రోజుకు మూడుసార్లు తుడిపిస్తున్నామని రాశారు. ఒక్క బకెట్‌తోనా? ఆ బకెట్ నీళ్ళు ఎన్ని గదులకు? నేను ఒకచోట ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళినప్పుడు ఆయమ్మ వెనకాలే నడిచాను. మొదటి గదిలో నీళ్ళు పాలలా తెల్లగా, ఫినాయిల్ ఘుమఘుమలాడుతూ ఉన్నాయి. నాలుగో గది అయ్యేసరికి ఇరానీ చాయ్ రంగు. ఏడో గదిలో పేషెంట్‌కి ఆ ఉదయమే ఆపరేషన్ అయింది. మొదటి ఆరు గదుల మురికిని ఏడో గదికి పంచి వచ్చాం. ఇది వట్టి భయం కాదు. ఒక పరిశోధనలో మందు కలపని సబ్బు నీళ్ళతో ఒక వార్డు తుడిచాక ఆ నీళ్ళను పరీక్షిస్తే, మిల్లీలీటరుకు 10 ఉన్న బ్యాక్టీరియా 34,000 అయింది. క్రిమిసంహారకం కలిపిన నీళ్ళలో 20 దగ్గరే ఉండిపోయింది.

అందుకని మూడు గదులకొకసారి నీళ్ళు మార్చాలి, మూడు గదులు కాకపోయినా గంట దాటితే మార్చాలి. నీళ్ళకు మూడు బకెట్లు ఉండాలి. ఒకటి సబ్బు నీళ్ళది, ఒకటి జాడించే మంచినీళ్ళది, ఒకటి మందు నీళ్ళది. కేంద్రం 2015లో ఆసుపత్రుల శుభ్రత కోసం కాయకల్ప పథకం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రభుత్వ ఆసుపత్రులకు చెబుతున్న పద్ధతే ఇది, ప్రైవేటులోనూ అంతే. మాప్‌ను ముందు సబ్బు నీళ్ళలో ముంచి తుడిచి, రెండో బకెట్లో జాడించి పిండి, అప్పుడు మందులో ముంచాలి. మురికి మాప్‌ను నేరుగా మందులో ముంచితే మందు నేలకు చేరకముందే మురికితో కొట్లాడి ఖర్చయిపోతుంది. హైపో, అంటే క్లోరిన్ ఉండే బ్లీచ్ ద్రావణానికి ఈ గుణం మరీ ఎక్కువ.

ఇంతకంటే మంచి పద్ధతి, బకెట్‌లో మాప్ మళ్ళీ ముంచకుండా గదికో శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ వాడటం. పొద్దున్నే మందులో నానబెట్టిన గుడ్డలు డబ్బాలో పెట్టుకోవాలి. ఒక గదికి ఒకటి, అయిపోగానే తీసి మురికి సంచిలో వేయాలి. సబ్బు నీళ్ళతోనే తుడిచి పోల్చినప్పుడు మామూలు నూలు మాప్ 68 శాతం క్రిములను తీస్తే మైక్రోఫైబర్ 95 శాతం తీసింది. మీ 40 పడకలకు 60, 70 గుడ్డలు ఉంటే సరిపోతుంది. వేడినీళ్ళ వాషింగ్ మెషీన్‌లో 71 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉతకాలి, పూర్తిగా ఆరాలి. నూలు మాపే వాడతామంటే కూడా ఆరడం తప్పదు. బాత్రూమ్ మూలన, తల కిందికి పెట్టి, తడిగా వదిలేసిన మాప్ తెల్లారేసరికి క్రిముల గూడు అవుతుంది. హైదరాబాద్ ఎండ ఉచితంగా దొరుకుతుంది, మేడ మీద తల పైకి ఉండేలా ఆరేయించండి.

తుడిచే వరుస కూడా చూడండి. పైనున్నవి ముందు, నేల చివర. దూరం మూల నుంచి తలుపు వైపు రావాలి. బాత్రూమ్ అన్నిటికంటే ఆఖరు, దాని మాప్ వేరే రంగుది, అది గదిలోకి రాకూడదు. పొడి చీపురు గదిలో వద్దే వద్దు. చీపురు దుమ్మును లేపుతుంది, లేచిన దుమ్ము అరగంటలో డ్రెస్సింగ్ ట్రాలీ మీద వాలుతుంది. తడిగుడ్డతోనో డస్ట్ మాప్‌తోనో దుమ్ము ఎత్తాలి. దుప్పట్లు మార్చేటప్పుడు దులపకుండా లోపలికి మడుచుకుంటూ తీయాలి. పక్కలు మార్చిన తర్వాతే నేల తుడవాలి, ముందు తుడిస్తే పడ్డ శ్రమ వృథా.

గట్టి మందు గురించి అడిగారు. తెల్ల ఫినాయిల్ వాసన మనకు శుభ్రం అన్న భావన కలిగిస్తుంది, చిన్నప్పటి నుంచీ ఆసుపత్రి అంటే ఆ వాసనే కదా. కానీ పైన్ నూనెతో చేసే ఆ రకం స్టాఫ్ లాంటి క్రిముల మీద బలహీనమే. మామూలు గదులకు రోజువారీ తుడవడానికి మంచి డిటర్జెంటూ, ఆసుపత్రులకు తయారుచేసిన క్రిమిసంహారకమూ చాలు. ఒక జాగ్రత్త. క్వాటర్నరీ అమ్మోనియం అనే రకం క్రిమిసంహారక మందులను నూలు గుడ్డ పీల్చేసుకుంటుంది, నేలకు చేరేది తక్కువ. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్ళలో వాటి బలం ఇంకా తగ్గుతుంది. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళతో నడిచే కాలనీల్లో ఇది నిజంగా ఎదురయ్యే సమస్య. మందు కలపడానికి వీలైతే నల్లా నీళ్ళు పట్టి పెట్టుకోండి.

విరేచనాల పేషెంటు, మందులకు లొంగని క్రిమి ఉందని రిపోర్టు వచ్చిన పేషెంటు ఉన్న గదికి మాత్రం హైపో కావాలి. సి. డిఫిసిల్ స్పోర్లు, అంటే గట్టి పెంకుతో విత్తనాల్లా ఉండే దాని రూపాలు, నెలల తరబడి బతుకుతాయి, ఫినాయిల్‌కీ స్పిరిట్‌కీ చావవు, వాటికి 0.5 శాతం క్లోరిన్ ఉండాలి. మామూలు అవసరానికి 0.1 శాతం చాలు. రక్తం పడితే చేతికి గ్లౌజులు వేసుకుని, పీల్చే గుడ్డ కప్పి, 1 శాతం హైపో పోసి, కనీసం 10 నిమిషాలు ఆగి, గుడ్డను పసుపు సంచిలో వేసి, తర్వాత కడగాలి. కొలత ఇలా వేసుకోండి: డబ్బా మీద ఉన్న శాతాన్ని మీకు కావాల్సిన శాతంతో భాగించి ఒకటి తీసేయండి. అన్ని వంతుల నీళ్ళు ఒక వంతు మందుకు. 5 శాతం డబ్బా నుంచి 1 శాతం కావాలంటే 4 వంతుల నీళ్ళు, 0.5 కావాలంటే 9, 0.1 కావాలంటే 49. డబ్బాలు 4, 5, 10 శాతాల్లో వస్తాయి, లేబుల్ చదవకుండా "రెండు మూతలు" అనే లెక్క పెట్టుకోవద్దు. ఎండకు, వేడికి హైపో బలం పోతుంది, మే నెలలో మేడ మెట్ల కింద పెట్టిన డబ్బా మీద ఏం రాసి ఉన్నా నమ్మకండి. కలిపింది ఏ రోజుది ఆ రోజే పారబోయాలి. నేల మీద తడి పది నిమిషాలైనా ఉండాలి. తుడిచిన వెంటనే ఫ్యాన్ వేసి ఆరబెడితే మందుకు పనిచేసే టైమే దొరకదు. ఆ పది నిమిషాలూ పేషెంట్‌ని నడవనివ్వకండి, పసుపు బోర్డు పెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని స్టోర్ రూమ్ తలుపు మీద పెద్ద అక్షరాల్లో అంటించండి. హైపోనీ బ్లీచింగ్ పౌడర్‌నీ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. పాత ఆసుపత్రుల్లో నేల తాండూరు బండలు, షాబాదు బండలు. మరకలు పోవడం లేదని యాసిడ్ పోస్తారు. ఆ బండ సున్నపురాయి. యాసిడ్ దాన్ని తినేస్తుంది, పైన గరుకవుతుంది, గరుకులో మురికి ఇంకా దిగుతుంది, మళ్ళీ యాసిడ్ పోస్తారు. ఆ తడి ఆరకముందే ఎవరైనా హైపో చల్లితే క్లోరిన్ వాయువు లేస్తుంది. కిటికీ లేని బాత్రూమ్‌లో ఒక ఆయమ్మ ఇలా ఊపిరాడక కూలబడటం నేను కళ్ళారా చూశాను. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. మీ నేల బండలదైతే సంధులు నింపించి పాలిష్ పట్టించండి. టైల్స్ అయితే సంధుల్లో ఎపాక్సీ వేయించండి. ఓటీ, ఐసీయూలకు అతుకుల్లేని వినైల్ వేసి, గోడ కలిసే చోట గుండ్రంగా పైకి ఎక్కించడం మేలు, మూలల్లో మురికి నిలవదు.

చేయనవసరం లేనివి రెండు మూడు ఉన్నాయి. గది ముందు జిగురు మ్యాట్లు పరచడం మానేయండి, అవి ఇన్‌ఫెక్షన్లు తగ్గించినట్టు ఆధారం లేదు. షూ కవర్లు తొడుక్కునేటప్పుడూ తీసేటప్పుడూ చేతులకే మురికి అంటుతుంది, వాడితే వెంటనే చేతులు కడగాలి. మందు గాల్లోకి చల్లడం, పొగ పెట్టడం కూడా వద్దు. 2020లో మన వీధులన్నీ హైపోతో తడిపారు గుర్తుందా, ఆ ఏడు మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వీధుల్లో చల్లడం వల్ల ప్రయోజనం లేదని చెప్పింది. నేలకు మందు పట్టాలంటే గుడ్డతో రుద్దాలి. ఫార్మలిన్ పొగ మీ దగ్గర ఇంకా పెడుతుంటే ఆపించండి, అది క్యాన్సర్ కారకం.

చక్రాలను మరిచిపోకండి. వీల్‌చైర్, స్ట్రెచర్, సెలైన్ స్టాండ్, లంచ్ ట్రాలీ. పేషెంట్ తనే వీల్‌చైర్ తోసుకుంటే చేతులు ఉండేది చక్రం అంచు మీదే, ఆ చక్రం నేల మీద. రోజుకు ఒకసారైనా చక్రాలు, అంచులు తుడిపించండి, దిగగానే పేషెంట్ చేతికి శానిటైజర్ ఇవ్వండి. డిశ్చార్జ్ అయిన గదిలో మంచం జరిపి కింద తుడిచారా లేదా అని మీరే వంగి చూడండి. నేను ఎక్కడికెళ్ళినా మొదట చూసేది మంచం కాళ్ళ వెనక మూల. అక్కడ దూది ముక్క, సూది మూత కనిపించాయంటే మిగతా గది గురించి అడగక్కర్లేదు.

ఇదంతా చేసేది మీ ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు. కాంట్రాక్టు జీతం, పొద్దున ఆరింటికి డ్యూటీ, ఎల్బీనగర్ అవతలి నుంచి రెండు బస్సులు మారి వస్తారు. వాళ్ళకు రబ్బరు గ్లౌజులు, మూసి ఉండే చెప్పులు, నడుం వంగక్కర్లేని పొడుగు కర్ర ఇవ్వండి. ఎందుకు చేస్తున్నారో చెప్పండి. నేను ఆ మెరిసే పొడి పరీక్ష ప్రతి కొత్త బ్యాచ్‌కీ చేసి చూపిస్తాను. లైటు పట్టుకున్నాక టిఫిన్ డబ్బా మూత మీద వేలిముద్ర చూసిన మనిషికి మూడు గదులకోసారి నీళ్ళు మార్చమని మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. ఒకామె, చదువు రాని మనిషి, ఆ రోజు తర్వాత తనంతట తానే ప్రతి గదిలో చార్జర్ వైర్లు ఎత్తి మంచానికి చుట్టడం మొదలుపెట్టింది. నేను చెప్పలేదు.

చివరిగా మెషీన్. యూవీ లైటు నీడలో పనిచేయదు. మంచం కింద, టేబుల్ వెనక, మురికి పొర కింద ఉన్నవాటిని చేరదు. చేతులు బాగా కడుక్కుంటూ, గది బాగా తుడుస్తూ ఉన్న పెద్ద ఆసుపత్రి ఆ పైన కొనుక్కునే వస్తువు అది. మీ యాజమాన్యం ఆ డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే, దానితో మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక వేడినీళ్ళ వాషింగ్ మెషీన్, మూడు బకెట్ల ట్రాలీలు నాలుగు, గదికో అటెండెంట్ బల్ల అడగండి. ఇంకా మిగిలితే రెండో షిఫ్టుకు ఇంకో ఇద్దరు మనుషులను పెట్టించండి. నెల తర్వాత ఎలా ఉందో రాయండి, బకెట్ నీళ్ళు ఏ గది దగ్గర రంగు మారుతున్నాయో కూడా చూసి రాయండి.